మావయ్యగారి స్కేటింగ్ పిచ్చి

మా మావయ్యగారు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారు. ఆఫీస్‌కి బయల్దేరుతూ మా ఆయన చూశాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయారని ఫోన్ చేసినవాళ్ళంతా అన్నారు. నాకు మాత్రం ఆ మాట అంతగా రుచించలేదు. రోజూ నాతో వాదన పెట్టుకునే మనిషి లేకపోతే ఇల్లు ఎంత చప్పగా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

ఫ్యునరల్ హోమ్‌కి మా ఊరు ట్రాయ్‌లోని తెలుగువాళ్ళు చాలామంది వచ్చారు. ఇది చదువుతున్న మీలో కొందరూ వచ్చారు. వెనక వరసలో ఒక్కడే కూచుని కళ్ళు తుడుచుకుంటున్న పొడుగాటి అమెరికన్ కుర్రాణ్ణి చూసే ఉంటారు. "ఎవరమ్మా ఆ అబ్బాయి? మీ మావగారి ఆఫీసు వాళ్ళా?" అని ఎంతమంది అడిగారో. ఆ రోజు "తెలిసినవాళ్ళండీ" అని తప్పించుకున్నాను. ఇప్పుడు చెబుతాను. అతని సంగతి చెబితే మావయ్యగారి సంగతి చెప్పినట్టే.

నేను పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చేసరికి అత్తగారు లేరు. మా ఆయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగంలో ఇంగ్లీషులోకి దిగిపోతాడు. కాబట్టి ఇంట్లో నాకు దొరికిన అసలు తెలుగు మనిషి మావయ్యగారే. పందొమ్మిది వందల డెబ్భైల్లో ఈ దేశానికి చదువుకోడానికి వచ్చి, కార్ల కంపెనీలో బ్రేకుల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను కాపరానికి వచ్చిన మొదటి వారంలో ఒక సాయంత్రం చూస్తే ఆయన టీవీకి అరచేతి దూరంలో కూచుని ఉన్నారు. తెర మీద మెరుపుల చొక్కా వేసుకున్న మగమనిషి ఐస్ మీద గాల్లోకి లేచి అక్కడే ఆగిపోయి ఉన్నాడు. ఆపింది మావయ్యగారే, రిమోట్‌తో. కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి తిప్పుతున్నారు.

"ఏం చూస్తున్నారు మావయ్యగారూ?"

"వీడు ఏ అంచు మీదనుంచి లేచాడో చూస్తున్నానమ్మాయ్. లోపలి అంచా, బయటి అంచా? జడ్జీలు బయటిదన్నారు. నాకు నమ్మకం లేదు."

నేను విజయవాడ దాన్ని. ఐస్ అంటే నాకు గోనెసంచిలో చుట్టి, పైన రంపపు పొట్టు చల్లిన గడ్డ. దానికి అంచులేమిటో, లేవడమేమిటో ఒక్క ముక్క అర్థం కాలేదు. స్కేటు కింది బ్లేడుకి రెండు అంచులుంటాయని, దేని మీదనుంచి ఎగిరితే దాన్నిబట్టి ఆ గెంతు పేరు మారుతుందని ఆయన అన్నం ముందు కూచుని రెండు చెంచాలతో చూపించారు. పప్పు చల్లారిపోయింది.

మీరు కూడా ఆయన్ని దీని గురించి ఏడిపించినవాళ్ళే. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల్లో ఒకావిడ అడిగింది, "అన్నయ్యగారూ, ఆడపిల్లలది చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఈ మగాళ్ళ గెంతులేం చూస్తారండీ?" అని. ఆయన పులిహోర కలుపుకుంటూనే, "ఆడపిల్లలది చూడ్డానికి దేశమంతా ఉందమ్మా. వీళ్ళకి మనబోటివాళ్ళం నలుగురమైనా ఉండొద్దా?" అన్నారు. నేనే ఇంకోసారి నిలదీశాను, అసలు ఎందుకింత పిచ్చి అని. "ముప్ఫై ఏళ్ళు జారకుండా ఆపే పని చేశాను. జారడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు ఎలా బతుకుతారో చూద్దామని," అన్నారు.

ఆయన పక్కన కూచుని నేనూ చూడ్డం నేర్చుకున్నాను. ఎవరైనా పడితే నేను అయ్యో అని కళ్ళు మూసుకునేదాన్ని. "మూసుకోకు. వాడు లేచేటప్పటికి పాట ముందుకి వెళ్ళిపోతుంది. దాన్ని మళ్ళీ ఎక్కడ అందుకుంటాడో, అందుకోడానికి ఏది వదిలేస్తాడో చూడు. అదే అసలు సంగతి," అనేవారు. నిజంగానే చూశాను. ఒకడు చేతుల విన్యాసం వదిలేస్తాడు, ఒకడు ఊపిరి తీసుకోవడం వదిలేస్తాడు. అప్పటినుంచి టీవీలో పోటీ వస్తే వంట త్వరగా ముగించి కూచునేదాన్ని. నాలుగు చుట్ల గెంతు లేకుండానే ఒకతను ఒలింపిక్స్ గెలిచిన ఏడాది నేను గెలిచినవాడి పక్షం, ఆయన ఓడినవాడి పక్షం. మాటామాటా పెరిగి మాట్లాడుకోవడం మానేశాం. మా ఆయన సాంబారు గిన్నె ఇటునుంచి అటు అందిస్తూ, "యూ గైస్ ఆర్ సో వియర్డ్. ఇది రియల్‌గా ఫైటా?" అన్నాడు. రియల్ ఫైటే.

అయితే నాకు అంతుపట్టని సంగతి ఒకటుండేది. ప్రపంచంలో ఇంతమంది గొప్ప స్కేటర్లుండగా మావయ్యగారు ప్రాణం పెట్టింది ఎవరూ పేరు వినని ఒక కుర్రాడి మీద. మా ఊరి దగ్గర ఐస్ రింక్‌లోనే ప్రాక్టీస్ చేసేవాడు. మా ప్రాంతం పోటీలో పై నాలుగైదు స్థానాల్లో వచ్చినవాళ్ళనే జాతీయ పోటీకి పంపుతారు. ఇతను ఏటా ఆ గీత కింద ఆగిపోయేవాడు. శనివారం పొద్దున్నే మంకీ క్యాప్, రెండు స్వెటర్లు, ఫ్లాస్కులో కాఫీతో మావయ్యగారు తయారయ్యేవారు. నేను డ్రైవ్ చేసేదాన్ని. అద్దం ఇవతల బల్ల మీద కూచుని ఆ అబ్బాయి ప్రాక్టీస్ చూసేవాళ్ళం.

విచిత్రం ఏమిటంటే, ఆ అబ్బాయి నీళ్ళు తాగడానికి ఇటువైపు వస్తే చాలు, మావయ్యగారు లేచి బాత్రూమ్ వైపు నడిచేవారు. వారం వారం ఇదే వరస. ఒకసారి అతను నవ్వుతూ చెయ్యి ఊపాడు కూడా. ఈయన క్యాప్ కళ్ళ మీదకి లాక్కుని వెళ్ళిపోయారు. ఆ రోజు కారెక్కాక నేను స్టార్ట్ చెయ్యలేదు. సంగతి చెబితేగానీ కదిలేది లేదన్నాను.

"చెబితే నవ్వుతావు," అన్నారు.

"నవ్వొస్తే నవ్వుతాను. చెప్పండి."

అత్తగారు పోయిన ఏడు ఇంట్లో ఉండబుద్ధి కాక ఆయన మొదటిసారి పోటీ చూడ్డానికి వెళ్ళారట. అంతవరకూ ఆయనా అత్తగారూ టీవీలోనే చూసేవారు. స్కేటింగ్ అయ్యాక జనం పూలు విసరడం చూశారు కదా, తానూ తీసుకెళ్ళాలనుకున్నారు. గుత్తిని గుత్తిగా విసిరితే రాయి విసిరినట్టుంటుందనిపించింది. మనం పూలు చల్లుతాం గానీ విసరం కదా. అందుకని పచ్చ చామంతులు కొని, కార్లో కూచుని రేకులన్నీ తుంచి కాగితం సంచిలో నింపుకున్నారు. ముందు వరసలో సీటు. అప్పట్లో ఆయనకి నచ్చిన స్కేటర్ ఆట ముగించగానే ఐస్ చుట్టూ ఉండే గట్టు మీదనుంచి వంగి, ఊరేగింపులో దేవుడి మీద చల్లినట్టు రెండు చేతులా చల్లారు.

"రేకులు ఐస్‌కి అతుక్కుపోయాయమ్మా. ఒక్క రేకు బ్లేడు కింద పడితే చాలు, మనిషి పడతాడు. పోటీ ఆపేశారు. పూలు ఏరే పిల్లలు మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ గోళ్ళతో గీకి తీశారు. నేను ఇంజనీర్ని. ఇన్నేళ్ళు టీవీలో చూశాను, ఆ పూలకి ప్లాస్టిక్ ఎందుకు చుడతారో ఒక్కసారి ఆలోచించలేదు."

ఆ తర్వాత రావలసినవాడే ఈ అబ్బాయి. అప్పటికే ఐస్ మీదకి వచ్చేశాడు. వాళ్ళు ఏరుతున్నంతసేపూ ఒక మూల చేతులు ఊదుకుంటూ తిరిగాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. పాట మొదలయ్యాక మొదటి పెద్ద గెంతు మీదే పడ్డాడు. చిన్న తేడాతో జాతీయ పోటీ తప్పిపోయింది.

నాకు నవ్వొచ్చిన మాట నిజం, చామంతి రేకుల దగ్గర. ఆయన మొహం చూశాక నవ్వలేదు. అప్పటినుంచి అతను ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్ళారు. చెప్పుకుందామని ప్రతిసారీ అనుకున్నారు, ప్రతిసారీ బాత్రూమ్ వైపు నడిచారు. "వాడు పడింది నా వల్లేనా కాదా అన్నది తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే అడగాలి. అడగాలంటే చెప్పాలి," అన్నారు.

ఇంట్లో మా ఆయన ఒప్పుకోలేదు. "డాడ్, లీవ్ ఇట్. అతనికి నువ్వు ఎవరో కూడా తెలీదు. ఎందుకు చెప్పడం, హర్ట్ అవుతాడు," అన్నాడు. నేను చెప్పమన్నాను. ఇంతలో తెలిసింది, అతనికి అదే ఆఖరి సీజన్ అని. అప్పుడు మావయ్యగారు ఒక మాట అన్నారు. "పోటీకి ముందు చెబితే ఆ మాట వాడి కాళ్ళకి అడ్డం పడుతుంది. అయ్యాకే చెబుతా."

ఆ ఆఖరి పోటీకి ముగ్గురం కార్లో వెళ్ళాం. అతను ఆడుతున్నంతసేపూ మావయ్యగారు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూచున్నారు. ఆ పెద్ద గెంతు చక్కగా దిగాడు. నేను లేచి నిలబడి అరిచాను. చివర్లో ఒకచోట తడబడ్డాడు. పాయింట్లు వచ్చాయి, ఒకే ఒక్క స్థానం తక్కువైంది. అతనికి జాతీయ పోటీ అన్నది ఇంక లేదు. మావయ్యగారు అతనికి చెప్పవలసిన మాట ఇప్పుడు ఇంకా బరువెక్కిందని నాకు తెలుసు. మానుకుంటారేమో అనుకున్నాను.

మానుకోలేదు. తర్వాత ఒక శనివారం రింక్‌లో మంకీ క్యాప్ తీసి జేబులో పెట్టుకున్నారు. అతను నీళ్ళకోసం వస్తే లేచి ఎదురెళ్ళారు. ఇంగ్లీషులో అంతా చెప్పారు, సంచి దగ్గరనుంచి, ఏదీ వదలకుండా. అతను వింటూ నీళ్ళ సీసా మూత తిప్పుతూనే ఉన్నాడు.

"అది మీరా?" అన్నాడు. "పచ్చ రేకులు. నాకు బాగా గుర్తు. చాలాకాలం కోపంగా ఉండేది."

"ఉండాలి," అన్నారు మావయ్యగారు. "ఒక్కటి అడుగుతాను. నువ్వు పడింది దానివల్లేనా?"

పరవాలేదు లెండి అంటాడనుకున్నాను. ఈ దేశంలో అందరూ అనే మాట అదే కదా. అతను అనలేదు. "నాకూ తెలీదు. ఆ రోజు పోటీకి ముందు వార్మప్‌లోనూ ఆ గెంతు మీదే పడ్డాను. నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను, పోటీ ఆగకపోయుంటే ఎలా ఉండేదో అని," అన్నాడు. తర్వాత ఈయన బూట్ల వైపు చూశాడు. "మీరెప్పుడైనా ఐస్ మీద నిలబడ్డారా?"

ఇన్నేళ్ళు చూసిన మనిషి ఒక్కసారి కూడా దిగలేదు. నేను వద్దు వద్దంటున్నా వినకుండా అద్దె స్కేట్లు కట్టుకున్నారు. ఎముక విరిగితే మా ఆయనకి ఏం చెప్పుకోవాలో తెలియక నేను గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ అబ్బాయి ఆయన చేతులు రెండూ పట్టుకుని, తను వెనక్కి నడుస్తూ మధ్యలోకి తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళి అక్కడ ఆపేశాడు. "ఇప్పుడు కదలకుండా ఉందాం. ఆ రోజు నేను తిరిగినంతసేపు," అన్నాడు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. చలి పాదాల్లోంచి ఎక్కుతుంటే మావయ్యగారి మొహం మారడం నాకు కనబడుతోంది. "ఓ," అన్నారు, "బిగుసుకోవడం మోకాళ్ళ దగ్గర మొదలవుతుందన్నమాట." అతను తలూపాడు. అప్పుడు ఆయన చెయ్యి వదిలి, అదే చలి ఒంటితో, పెద్ద చుట్టు తిరిగొచ్చి ఆ గెంతు వేశాడు.

దిగాడు, నిలువుగా.

"చూశారా, మీ వల్ల కాదేమో," అన్నాడు ఆయాసపడుతూ.

మా మావయ్యగారు అంత తేలిగ్గా బయటపడే మనిషి కాదు. వణుకుతూనే, "ఆ హాలు దీనికంటే చల్లగా ఉండేది. పైగా నీకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఒక్కసారి వేస్తే లెక్కలోకి రాదు," అన్నారు. అతను పకపకా నవ్వాడు. నవ్వుతూనే మళ్ళీ చుట్టు తిరిగొచ్చి లేచాడు. ఈసారి ముడుచుకున్న చేతులు గాల్లోనే విప్పేసుకుని నడుం మీద పడ్డాడు. నేను కళ్ళు మూసుకోలేదు.

ఆ తర్వాత అతను అక్కడే కోచ్ అయ్యాడు. మావయ్యగారు మొన్న మొన్నటిదాకా ప్రతి శనివారం వెళ్ళి అతన్ని ప్రశ్నలతో చంపారు. అడిగినదానికి జవాబు దొరికిందా అని నేనెప్పుడూ అడగలేదు. నాకు ఆయన గుర్తొస్తే ఆ రోజే కనిపిస్తుంది. ఆ అబ్బాయి లేచి, బట్టలకంటిన మంచు దులుపుకోకుండా, ఆయన్ని చెయ్యి పట్టి తను రెండుసార్లూ ఎగిరిన చోటికి తీసుకెళ్ళాడు. అక్కడ ఐస్ మీద పక్కపక్కన రెండు గీతలున్నాయి. మావయ్యగారు మెల్లగా మోకాళ్ళ మీదకి దిగారు. అతనూ కూచున్నాడు. నిలబడ్డ గెంతుది ఏ గీతో, పడిన గెంతుది ఏ గీతో తేల్చుకోడానికి ఇద్దరూ తలలు ఆనించి కిందకి వంగారు. ఆయన చేతి తొడుగు తీసేసి, ఒట్టి వేలితో ఒక్కో గీతనీ తడిమి చూస్తున్నారు.