అరవై ఐదుకు ఇవతల

2021 సెప్టెంబరు నాటికి నేను ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఒక యూనివర్సిటీలో స్టూడెంట్ అడ్వైజర్‌ని. ఇప్పటికీ అదే పని. పాఠాలు చెప్పను, మార్కులు వెయ్యను. కోర్సు నచ్చనివాళ్ళు, మధ్యలో మానేద్దామనుకునేవాళ్ళు, జబ్బుచేసి పరీక్ష తప్పినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళ సమస్యకు నియమాల్లో ఏమేం దారులున్నాయో వివరించడం నా ఉద్యోగం. ఏ దారిన పోవాలో తేల్చుకోవలసింది వాళ్ళే.

ఆ ఏడాది తరగతులు మొదలైన వారంలోనే హాసిని వచ్చింది. లండన్ శివారు హారోలో పుట్టి పెరిగిన పిల్ల. తల్లిదండ్రులది కాకినాడ. తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే చెబుతుంది. నా బ్యాడ్జీ మీద పేరు చూసి, "మీరు తెలుగా? ఆంటీ అంటే ఓకేనా?" అని అడిగింది. ఆఫీసులో నన్ను అందరూ పేరుతోనే పిలుస్తారు. అయినా సరేనన్నాను.

ఆమెకు లా చదవాలని ఉంది. ఎ-లెవెల్స్‌లో, అంటే మన ఇంటర్ లాంటి పరీక్షల్లో, అందుకు కావలసిన గ్రేడులు రాలేదు. క్లియరింగ్‌లో సోషియాలజీ సీటు దొరికితే చేరింది. ఫలితాలు వచ్చాక మిగిలిపోయిన సీట్లను అప్పటికప్పుడు ఫోన్ల మీద నింపే పద్ధతినే క్లియరింగ్ అంటారు.

"ఫస్టియర్‌లో మంచి మార్కులొస్తే లాకి మారొచ్చంట. నిజమేనా ఆంటీ?"

నిజమే. దాన్ని ఇంటర్నల్ ట్రాన్స్‌ఫర్ అంటారు. మా దగ్గర దానికి షరతులున్నాయి. మొదటి ఏడాది సగటు అరవై ఐదుకు తగ్గకూడదు. ఏ సబ్జెక్టూ రెండోసారి రాయకూడదు. ఇవన్నీ కుదిరినా లాలో సీట్లు ఖాళీగా ఉండాలి. అరవై ఐదంటే ఇండియాలో చదివినవాళ్ళకు ఇదేం లెక్క అనిపిస్తుంది. ఇక్కడ డెబ్బై వస్తే ఫస్ట్ క్లాస్. వ్యాసాలు రాసే సబ్జెక్టుల్లో అరవై దాటడానికే చాలామంది ఆపసోపాలు పడతారు.

లా ఎందుకని అడిగాను. ఈ ప్రశ్న అందరినీ అడుగుతాను. టీవీ సీరియళ్ళలో చూసి ముచ్చటపడినవాళ్ళు కొందరుంటారు. హాసిని తన తల్లి సంగతి చెప్పింది. పద్మగారు ఒక కేర్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునేది. చెప్పకుండా షిఫ్టు ఎగ్గొట్టిందని ఆమెను తీసేశారు. ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్‌కు, అంటే ఉద్యోగుల తగవులు తేల్చే కోర్టుకు వెళ్ళారు. అప్పటికి స్కూల్లో ఉన్న హాసిని తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మకి ఇంగ్లీష్ వచ్చు. కానీ ఆ రూమ్‌లో మాటే రాలేదు. మా లాయర్ మెల్లగా ఒక్కో క్వశ్చన్ అడిగింది. అరుపుల్లేవు, ఏం లేవు. సాయంత్రానికి అంతా మారిపోయింది. నాక్కూడా అలా అడగడం రావాలి."

చలికాలంలో మొదటి వ్యాసానికి యాభై ఆరు వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది. దిద్దిన లెక్చరర్ దగ్గరికే వెళ్ళి ఎక్కడ తగ్గిందో అడగమన్నాను. వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి వ్యాసానికీ అలాగే వెళ్ళేదని ఆ లెక్చరరే నాతో అన్నాడు. వసంతం వచ్చేసరికి మార్కులు అరవైలోకి ఎక్కాయి. లైబ్రరీలో ఎప్పుడు చూసినా అదే మూల బల్ల దగ్గర కనిపించేది.

జూన్‌లో మార్కులు పోర్టల్‌లో పెట్టారు. సగటు అరవై ఆరు. మర్నాడు పొద్దున్నే తలుపు దగ్గర హాసినిని చూసి నేను నవ్వుతూ లేచాను. ఆమె నవ్వలేదు.

"ఆంటీ, ఒకటి తప్పుగా వేశారు," అంది.

ఫోన్ చూపించింది. ఒక వ్యాసం మీద లెక్చరర్ రాసిన అభిప్రాయం కింద యాభై ఎనిమిది అని ఉంది. పోర్టల్‌లో అదే వ్యాసానికి ఎనభై ఐదు ఉంది. ఎక్కించినవాళ్ళు అంకెలు తిరగేశారు. సరిచేస్తే సగటు అరవై నాలుగు దగ్గరే ఆగిపోతుంది.

ఆ వారం చివర్లో ఎగ్జామ్ బోర్డు కూర్చోవలసి ఉంది. మార్కులను ఖాయం చేసే కమిటీ అది. అది ఒప్పుకునేదాకా ఏ మార్కయినా తాత్కాలికమే. ఆ మాటే చెప్పాను.

"నేను చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలియకపోవచ్చు."

"మీరైతే ఏం చేస్తారు?"

"అది నేను చెప్పకూడదు హాసినీ. తప్పు కనిపిస్తే బోర్డుకు తెలియజెయ్యమని నియమం. అంతవరకే నేను చెప్పగలను."

పైకి అలా అన్నాను. లోపల మాత్రం, ఈ పిల్ల ఆ అభిప్రాయం చదవకుండా ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. ఏడాదంతా ఆమె పడిన కష్టం చూసినదాన్ని.

విద్యార్థి అనుమతి లేకుండా తల్లిదండ్రులతో మేము ఒక్క మాటా మాట్లాడకూడదు. ఆ రోజు హాసినే తల్లికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. పద్మగారు అంతా విన్నది.

"ఏవండీ, ఆ మార్కులు వాళ్ళే వేశారు గదండీ? మనవేఁవైనా వెళ్ళి వెయ్యమన్నామా?" అంది నాతో. తర్వాత కూతురితో, "ఏడాదంతా నిద్ర లేకుండా చదివావు. ఊరుకుంటే ఏం పోద్దే నీకు?"

హాసిని తెలుగులో, మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "అమ్మా, నీ కేసులో లిండా ఊరుకునుంటే?"

లిండా ఆ కేర్ హోమ్‌లో సూపర్‌వైజర్ అట. రోటాను, అంటే ఎవరు ఏ షిఫ్టో రాసే పట్టికను, తర్వాత మార్చారనీ, మార్చిన సంగతి పద్మగారికి ఎవరూ చెప్పలేదనీ ట్రైబ్యునల్‌లో సాక్ష్యం చెప్పింది. అప్పటికి ఆమె ఇంకా అక్కడే ఉద్యోగంలో ఉంది. ఆ సాక్ష్యంతోనే వీళ్ళు గెలిచారు.

పద్మగారు ఒప్పుకోలేదు.

"లిండా సంగతి వేరే. అది నా బతుకుతెరువు విషయం."

"లాలో సీట్లు కొన్నే ఉన్నాయమ్మా. ఇది ఇంకొకళ్ళది అయ్యుండొచ్చు."

"నీ ఇష్టం. రేపొద్దున్న ఏడుస్తా నాకు ఫోన్ చెయ్యకు," అంది పద్మగారు. అంతలోనే, "చేస్తే చెయ్యిలే," అని పెట్టేసింది.

హాసిని నా గదిలోనే కూర్చుని బోర్డుకు మెయిల్ రాసింది. రెండే వాక్యాలు. పంపే ముందు మరోసారి పోర్టల్ తెరిచి రెండు అంకెలూ సరిచూసుకుంది. తర్వాత పంపింది.

మార్కు సరిచేశారు. సగటు అరవై నాలుగుకు దిగింది. నేను లా అడ్మిషన్స్ చూసే ప్రొఫెసర్‌ను కలిసి, ఆమె సంగతి ప్రత్యేకంగా పరిశీలించమని అడిగాను. ఆయన తేలిగ్గా తీసెయ్యలేదు. ఆమె వ్యాసాలు తెప్పించుకుని చదివాడు. రెండు రోజుల తర్వాత నన్ను పిలిచాడు.

"ఆ అమ్మాయి చేసినది సరైన పని. ఆ మాట ఆమెకే స్వయంగా చెబుతాను. కానీ ఈ ఏడాది అరవై నాలుగు దగ్గర ఆగిన ఇద్దరికి ఇప్పటికే కాదన్నాను. వాళ్ళకేం చెప్పమంటారు?"

ఇక నేను పట్టుపట్టలేదు. ఆ ఇద్దరూ కష్టపడే ఉంటారు.

హాసినికి చెప్పాను. ఏడ్చింది. వరండాలోకి వెళ్ళి తల్లికి ఫోన్ చేసింది. చాలాసేపటికి తిరిగొచ్చి, ఇంకేదైనా దారి ఉందా అంది. ఉంది. ఏ డిగ్రీ అయినా పూర్తిచేసి, ఆపైన ఒక ఏడాది లా కన్వర్షన్ కోర్సు చదివితే సాలిసిటర్, అంటే ఇక్కడి లాయరు, కావడానికి రాసే పరీక్షలవైపు వెళ్ళొచ్చు. "అంటే ఇంకా రెండేళ్ళు సోషియాలజీ," అంది. అవునన్నాను. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

రెండో ఏడాదంతా నా గదికి రాలేదు. దారిలో ఎదురైతే హలో అని సాగిపోయేది. ఆమెకు కోపం ఉందేమో, పశ్చాత్తాపం ఉందేమో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ జూన్ చాలాసార్లు గుర్తొచ్చేది. మూడో ఏడాది కన్వర్షన్ కోర్సుకు సిఫారసు ఉత్తరం కావాలని వచ్చింది. కూర్చుని టీ తాగింది. ఆ పాత సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

ఈ కేసు నా పని తీరును కొంత మార్చింది. ఎక్కడో ఒకచోట గీత గియ్యక తప్పదు. గీసిన చోటల్లా, దానికి కాస్త ఇవతల మంచి పిల్లలు నిలబడిపోతారు. అందుకే ట్రాన్స్‌ఫర్ కోసం వచ్చినవాళ్ళకు మొదటి రోజే రెండో దారి కూడా చెబుతున్నాను. కొందరు నొచ్చుకుంటారు. "నాకు రాదనుకుంటున్నారా?" అని ఒకబ్బాయి నిలదీశాడు కూడా. నొచ్చుకున్నా ఫరవాలేదు. జూన్‌లో మొదటిసారి వినడం కన్నా అదే నయం.

ఆ మధ్య నల్గొండ నుంచి మాస్టర్స్‌కు వచ్చిన ఒక అబ్బాయిని ఇంటి యజమాని ఉన్నపళంగా ఫ్లాట్ ఖాళీ చెయ్యమన్నాడు. న్యాయ సలహా ఉచితంగా ఇచ్చే కేంద్రం శనివారాలు తెరుస్తారంటే అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. బల్ల వెనక హాసిని ఉంది. కన్వర్షన్ కోర్సు చదువుతూ అక్కడ వాలంటీర్‌గా చేస్తోందట. నన్ను పలకరించి, వెంటనే అతనివైపు తిరిగింది. అతను యజమాని చేసిన అన్యాయాలన్నీ గబగబా ఏకరువు పెట్టబోయాడు. హాసిని చెయ్యెత్తి ఆపింది.

"అవన్నీ రాసుకుంటానండీ," అంది తన కాకినాడ తెలుగులో. "ముందు మీ సైడ్ తప్పేదైనా ఉంటే అది చెప్పండి."

అతను ఒకసారి నావైపు చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, చెప్పడం మొదలుపెట్టాడు.