తెరుచుకోని కిటికీలు

ఎనభైల మొదట్లో వాషింగ్టన్‌లో నాకు దొరికిన ఉద్యోగం దీవుల పాలన చూసే ఆఫీసులో. పసిఫిక్ సముద్రంలో అమెరికా చేతికింద ఉన్న ఆ చిన్న దీవుల్లో బడి కట్టాలన్నా, బావి తవ్వాలన్నా మా అనుమతి కావాలి. మాలో ఒక్కరూ ఆ దీవుల మొహం చూసి ఎరగరు. మా పై అధికారి తెలుగాయనే, రాజమండ్రి వైపు. తెల్లదొరలు లండన్‌లో కూర్చుని మన నెత్తిన పెత్తనం చేశారని లంచ్ దగ్గర ఆయన తిట్టని రోజు లేదు.

ఒక దీవిలో ఆసుపత్రి కట్టడం పూర్తి కావచ్చింది, కిటికీలే మిగిలాయి. అక్కడి డాక్టరు అంత దూరం నుంచి వచ్చి మా ముందు కూర్చున్నాడు. నల్లగా, బక్కగా, అచ్చం మా మేనమామలా ఉన్నాడు. మా రూలు ప్రకారం ఆసుపత్రికి కదలని అద్దాలు, లోపల ఏసీ. ఆయన అడిగింది ఒక్కటే, తెరుచుకునే కిటికీలు.

"మా దగ్గర కరెంటు రోజూ పోతుంది. సముద్రం గాలి ఏనాడూ పోదు," అన్నాడు. తన కూతురు కడుపుతో ఉందనీ, తొలి కాన్పు అక్కడేననీ కూడా చెప్పాడు.

ఆయన వెళ్ళాక పై అధికారిని పట్టుకున్నాను.

"సార్, చిన్నప్పుడు ఎండాకాలం మీరెలా పడుకునేవారు?"

"కిటికీలు బార్లా తెరుచుకుని. అయితే?"

"మరి వాళ్ళకెందుకొద్దు?"

"రూల్ చేంజ్ చేయడానికి నువ్వెవరమ్మా, నేనెవర్ని? రిజెక్ట్ చేసి పంపించెయ్."

"నేను చెయ్యను సార్."

ఆయనే సంతకం పెట్టాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆరళ్ళు పడ్డ కోడలే గయ్యాళి అత్త అవుతుందని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

కొన్ని నెలలకు డాక్టరు ఫోన్ చేశాడు. కూతురికి నెలలు నిండకుండానే కాన్పయిందట. కరెంటు పోయింది, జనరేటరూ మొరాయించింది. బిడ్డకు ఆక్సిజన్ పెట్టి ఉండడంతో గదిలోంచి కదపలేకపోయారు. ఆ ఉక్కకు తట్టుకోలేక పసివాడు పోయాడు.

"రాళ్ళు పెట్టి అద్దాలన్నీ పగలగొట్టాం. ముందే పగలగొట్టాల్సింది," అన్నాడు.

పై అధికారికి చెబితే "అయ్యో!" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ వెంటనే ఫైలు తెరుస్తూ, "గవర్నమెంట్ ప్రాపర్టీ కదా, డామేజ్ చేసిందెవరో కనుక్కో," అన్నాడు.

"మీ నోట్లో మన్ను పడ!" అనేశాను, పెద్దవాడని కూడా చూడకుండా. పక్క సీట్లవాళ్ళకు తెలుగు రాదు కాబట్టి ఉద్యోగం నిలిచింది.

తెరుచుకునే కిటికీలకు దొరకని అనుమతి కొత్త అద్దాలకు వారం తిరక్కుండా దొరికింది.