తెలిసి రాసిన రిపోర్టు

డాక్టర్ రమాసుందరితో చదివినవాళ్లు బెజవాడలో నర్సింగ్‌హోమ్‌లు కట్టుకుంటుంటే, ఆమె కృష్ణ ఒడ్డు లంకపల్లెల్లో ప్రభుత్వ డాక్టరుగా పదకొండేళ్లు పనిచేసింది. పడవ దాటి వెళ్లి, వద్దన్న తల్లుల్ని బతిమాలి పిల్లలకు టీకాలు వేయించింది. ఆరోగ్యశాఖలో పెద్ద పదవికి ఆమె పేరు వినిపిస్తున్న ఏడాదే, బెజవాడ శివారు కాలనీ ఒకదానిలో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. నలుగురు పోయారు.

కారణం తేల్చమని పంపితే ఆమె వీధివీధీ తిరిగింది. మురిక్కాలవలోంచి పోతున్న మంచినీళ్ల పైపుకి వేలు దూరేంత చిల్లు. అదే రిపోర్టులో రాసింది. పై అధికారి సంజీవరావు పిలిపించాడు.

"ఆ పైపు వేసి ఏడాది కాలేదు మేడమ్. ఏ పెద్దల మనుషులు వేశారో మీకూ తెలుసు. కాలనీ మొగలో పానీపూరీ బండి ఉందిగా, దాని మీద రాసెయ్యండి. రేపు నా కుర్చీలో కూర్చున్నాక పైపులన్నీ మీరే మార్పిద్దురుగాని."

రెండు రోజులు ఆమె ఆ రిపోర్టు ముట్టుకోలేదు. పదవి ఉంటే ఎంత మంచైనా చెయ్యొచ్చని తనకు తానే నచ్చజెప్పుకుని, తప్పు పానీపూరీ బండి మీదికి తోసి సంతకం పెట్టింది.

సంజీవరావు రిటైరయ్యాడు, కుర్చీ వచ్చింది. పైపులు మాత్రం వేరే శాఖవి. ఆమె రాసిన ఉత్తరాలకు జవాబే లేదు.

మళ్లీ వానలు పడ్డాయి. అదే కాలనీలో ఇంకో ఇద్దరు పోయారు. చూడ్డానికి వెళ్తే పానీపూరీ బండి పద్మావతమ్మ ఎదురొచ్చింది.

"నా బండి ఎత్తుకుపోయారండీ. నలుగుర్ని చంపానని వీధిలో ఎవరూ పలకరించరు. నా మనవరాలు బడికెళ్లనంటోంది. నా చేతి తిండి తిని ఎవరైనా పోయారాండీ? డాక్టరుగారూ, మీరే చెప్పండి."

"లేదమ్మా," అంది రమాసుందరి.

మర్నాడు కొత్త రిపోర్టు రాసింది. నిరుటిది అబద్ధమనీ, తెలిసే రాశాననీ, ఎవరు రాయమన్నారో కూడా అందులో పెట్టింది. భర్త అచ్యుతరామారావు చదివి, "నిన్ను బతకనివ్వరు," అన్నాడు.

పదిహేను రోజుల్లో విచారణ ముగిసింది. తప్పు ఆమే ఒప్పుకుంది కనుక సస్పెండ్ చేశారు. సంజీవరావు చెప్పాడనడానికి సాక్ష్యం లేదన్నారు. పైపు సంగతి ఈ విచారణలోకి రాదన్నారు.

ఆమె తెలిసే అబద్ధం రాసిందని విని, ఆ ఆదివారం కాలనీవాళ్లు ఆమె గేటు ముందు బైఠాయించారు. ఆమె బయటికొచ్చింది. ముందు వరసలోని పద్మావతమ్మ లేచి, "ఏడాదిపాటు మీకు నిద్రెట్లా పట్టిందండీ?" అని అడిగింది.

రమాసుందరి తల వంచుకుని, వాళ్లు వెళ్లేదాకా ఎండలో అలాగే నిలబడింది.