బందరులో కాబూలీ పులావు

బందరులో కొత్తగా తెరిచిన అఫ్గాన్ రెస్టారెంట్‌కి మధ్యాహ్నం నకనకలాడే ఆకలితో వెళ్లాను. మాది కర్నూలు. వేరే చోటు ఖాళీ లేక, ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చున్నాను. రిటైరైన టీచరమ్మ అనీ, పేరు సుగుణ గారనీ తర్వాత తెలిసింది.

కాబూలీ పులావు రాగానే పెద్ద మటన్ ముక్క నోట్లో పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆవిడ, "ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందామండీ" అని కళ్లు మూసుకున్నారు. నమలబోయి ఆగిపోయాను.

వండిన చేతుల్ని దీవించమని దేవుణ్ణి అడుగుతూ, కళ్లు తెరవకుండానే, పులావు తెచ్చి పక్కనే నిలబడ్డ అఫ్గాన్ వంటమాస్టర్‌ని, "బాబూ, నీ పేరేంటి?" అన్నారు. అతనికి కొంచెం తెలుగు వచ్చు.

"కరీం అండీ."

"మీ అమ్మ పేరు?"

"జర్మీనా అండీ."

కాబూల్లో ఉన్న ఆ తల్లి కూడా బందరు ప్రార్థనలోకి వచ్చేసింది. కరీం రెండు అరచేతులూ పైకి చాపి భక్తిగా నిలబడ్డాడు. వాళ్లిద్దరి మధ్యా బుగ్గ ఉబ్బించుకుని నేను.

"మీ పేరేంటండీ?" ఈసారి నన్నే అడిగారు.

"మ్మ్..." అన్నాను.

ఆవిడ ఒక కన్ను తెరిచి నా బుగ్గ చూశారు. మళ్లీ మూసుకున్నారు.

"ప్రభువా, ఈ బిడ్డ ఆకలి ఎంతటిదో మీరు చూస్తూనే ఉన్నారు. ఆమెన్."

ప్రార్థన అక్కడికక్కడే ఫలించింది. కరీం పగలబడి నవ్వుతూ నా పళ్లెంలో ఇంకో ముక్క వేశాడు.