పర్లేదండి అన్నందుకు

మా ఆఫీసు బిల్డింగ్‌లో ఏదైనా పాడైతే దాని ముందు ఒక కుర్చీ అడ్డం పెడతారు. బోర్డులూ ఎర్ర టేపులూ లేకపోలేదు, అవి స్టోర్‌రూమ్‌లో భద్రంగా ఉంటాయి. కాఫీ మెషిన్ పనిచెయ్యకపోతే కుర్చీ, వాష్‌రూమ్‌లో నీళ్ళు రాకపోతే కుర్చీ. మాదాపూర్ నడిబొడ్డున అంత అద్దాల మేడ కట్టినవాళ్ళు ఆఖరికి నమ్ముకునేది ప్లాస్టిక్ కుర్చీనే. మేమూ దానికి అలవాటు పడిపోయాం. కుర్చీ ఉంటే వెళ్ళకూడదు, లేకపోతే వెళ్ళొచ్చు. ఆ నమ్మకం మీదే నా ఎడమ కాలు పోయింది.

ఆ వారమంతా చివరి లిఫ్ట్ ముందు నీలం కుర్చీ ఉంది. ఒకరోజు పొద్దున నేను వెళ్ళేసరికి లేదు. బాగుచేసి ఉంటారనుకున్నాను. తలుపులు తెరుచుకున్నాయి. ఒక కాలు లోపల పెట్టానో లేదో, తలుపులు మూసుకోకుండానే లిఫ్ట్ పైకి లేచింది. ఆ తర్వాతి క్షణాలను కోర్టులో ఒకసారి చెప్పాను. ఇక ఎక్కడా చెప్పదలచుకోలేదు. మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆసుపత్రిలో ఉండగా బిల్డింగ్ నిర్వహణ చూసే కంపెనీ మేనేజరు చూడటానికి వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. మాట్లాడిన రెండు నిమిషాల్లోనే ఆయనదీ గోదావరి వైపేనని మా అమ్మ కనిపెట్టేసింది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలుపెట్టింది కూడా. ఆయన తెచ్చిన బత్తాయిల సంచి తీసుకుని కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు. ఫోను పైకెత్తి పట్టుకుని, "ఆఫీసులో అందరూ మీ గురించే అడుగుతున్నారమ్మా, ఒకసారి చూపిస్తాను" అన్నాడు. నేను మత్తులోనే నవ్వాను.

"ఎలా ఉన్నారమ్మా?"

"పర్లేదండి."

"ఏదో, ఇలా జరిగిపోయింది. మా మీద ఏమీ అనుకోకండి."

"అయ్యో, పర్లేదండి."

మా ఇంట్లో ఆ మాట తెలియకుండా ఎవరూ పెరగలేదు. పెళ్ళి భోజనాల్లో వడ్డించే అబ్బాయి అమ్మ పట్టుచీర మీద సాంబారు ఒలకబోస్తే "పర్లేదు నాయనా" అంది. ఇంటికొచ్చాక ఆ చీర చూసి ఏడ్చింది. నల్లగండ్లలో మా పైఫ్లాటువాళ్ళ బాత్‌రూమ్ నీళ్ళు మా వంటింట్లోకి కారినా పర్లేదే, బస్సులో ఎవరైనా కాలు తొక్కినా పర్లేదే. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు కాఫీ తాగుతారా అంటే "పర్లేదండి" అంటాం. అంటే ఇంకో రెండుసార్లు అడగండి, తాగుతాం అని. అడగనివాళ్ళను అమ్మ ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటుంది. నోటితో అనేది ఒకటి, కడుపులో ఉంచుకునేది ఒకటి. దాన్ని మేం మర్యాద అంటాం.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు మా కంపెనీ హెచ్‌ఆర్‌వాళ్ళు ప్రమాదం ఎలా జరిగిందని బిల్డింగ్‌వాళ్ళను అడిగారు. వాళ్ళు ఇచ్చిన జవాబు ఒక్కటే. లిఫ్ట్‌లో లోపమేమీ లేదు, ఆవిడే ఫోను చూసుకుంటూ తొందరగా ఎక్కబోయింది అని. ఆ రోజు నా ఫోను బ్యాగులో ఉంది. బ్యాగు జిప్పు వేసి ఉంది. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. విన్నవాళ్ళు తల ఊపేవాళ్ళు. ఊపుతూనే "ఏమైనా మనం కూడా జాగ్రత్తగా ఉండాలిలే" అనేవాళ్ళు. నాతో పాటు టెస్టింగ్ టీమ్‌లో పనిచేసే అమ్మాయి కూడా అంది. ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది. నష్టపరిహారం వద్దని నేను అనను. పెట్టుడు కాలు ఒకసారి కొంటే అయిపోయేది కాదు. కానీ నన్ను కోర్టు దాకా నడిపించింది అది కాదు. నా కాలు నా తప్పు వల్ల పోలేదని, ఎవరో ఒకరు, చెప్పే అధికారం ఉన్న మనిషి, పైకి చెప్పాలి. అంతే నాకు కావలసింది.

మా లాయరమ్మ శేరిలింగంపల్లిలోనే పుట్టి పెరిగిన మనిషి. జిరాక్సు షాపు మీద చిన్న ఆఫీసు. నా కోసం ఆవిడే కిందికి దిగి వచ్చి, షాపులో కుర్చీ వేయించుకుని, జిరాక్సు మెషిన్ చప్పుడులోనే కేసు వినేది. అవతలి కంపెనీ తన జవాబుతో పాటు, ఆసుపత్రిలో మేనేజరు ఫోనుతో తీసిన వీడియోను కూడా కోర్టులో వేసిన రోజున ఆవిడ నన్నూ అమ్మనూ పిలిపించింది. ఫోన్లో వీడియో పెట్టి చూపించింది. మంచం మీద నేను, వాచిన మొహం, చిరునవ్వు, పర్లేదండి. దానికి వాళ్ళు ఇంగ్లీషు అనువాదం కూడా జతచేశారు. మొదటి 'పర్లేదండి'కి నేను బాగానే ఉన్నాను అని, రెండో దానికి నాకేమీ ఫిర్యాదు లేదు అని ఉంది.

"ఏందమ్మా, గిట్ల చేసినవ్?" అంది. "కాలు తీసేసినంక కూడా పర్లేదంటరా ఎవరన్నా? మా దిక్కయితే వచ్చినోన్ని నిలబెట్టి కడిగేస్తం. మీరేమో నవ్వుకుంట పర్లేదంటిరి."

"పళ్ళు పట్టుకొచ్చిన మనిషిని పట్టుకుని మరేమంటామండీ?" అంది అమ్మ. ఆవిడకు ఇంకా తప్పు ఎక్కడుందో అర్థం కాలేదు.

"పండ్లు తెచ్చిండు, వీడియో తీస్కపోయిండు. మంచిగనే ఉంది బేరం." లాయరమ్మ మళ్ళీ మళ్ళీ వీడియో చూసింది. "ఫికర్ చెయ్యకుండ్రి. కానీ బోనుల నిలబడ్డప్పుడు ఈ మాట నోట్లకెళ్ళి రావద్దు. యాదుంచుకో."

యాదుంచుకున్నాను. దారి పొడుగునా జపంలా అనుకుంటూనే వెళ్ళాను. బోనులో అవతలి లాయరు ఆ వీడియో చూపించి, "పర్లేదు అన్నది మీరేనా?" అని అడిగాడు. నేనే అన్నాను. "అంటే మీకు ఎవరిమీదా ఫిర్యాదు లేదనే కదా?" కాదండి, అది మర్యాదకు, అని మొదలుపెట్టాను. "అవునో కాదో చెప్పండి చాలు" అన్నాడు. పెట్టుడు కాలు కొత్త. మోకాలి దగ్గర ఒరుసుకుని మంటగా ఉంది. బోను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. జడ్జిగారు గమనించి, "కూర్చుని చెప్తారా అమ్మా?" అన్నారు.

"పర్లేదండి" అన్నాను.

అవతలి లాయరు జడ్జిగారి వైపు చూసి నవ్వాడు. నాకు అక్కడికక్కడే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. వెనక బెంచీ మీద అమ్మ తల దించుకుంది. బయటికొచ్చాక లాయరమ్మ తిడుతుందని చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. వరండాలో మిర్చి బజ్జీ తింటూ చాలాసేపు నా మొహంలోకి చూసింది.

"అది నీ చేతుల లేదు కదా?" అంది చివరికి.

"లేదండి."

"ఆయనది కూడా మీ దిక్కే అన్నవ్ కదా, ఆ మేనేజరుది?"

అవునన్నాను. ఆవిడ కాగితంతో చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయింది.

మేనేజరు సాక్ష్యం వేసవిలో పడింది. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. లాయరమ్మ ఆయన్ని లిఫ్ట్ గురించి అడగడం మొదలుపెట్టింది. మెకానిక్ ఎప్పుడొస్తాడు, ఎవరు పిలుస్తారు, కుర్చీ ఎవరు పెడతారు. అడిగిందే తిప్పి అడిగింది. ఆయన కాసేపు ఆ కాలి మీద, కాసేపు ఈ కాలి మీద బరువు వేస్తూ నిలబడ్డాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇంతకీ ఈవిడ ఎక్కడికి పోతోందని నాకే విసుగొచ్చింది. అప్పుడు ఉన్నట్టుండి ఆవిడ గొంతు మెత్తబడింది.

"చానాసేపటిసంది నిలబడ్డరు. మోకాళ్ళ నొప్పులున్నట్టున్నయి. జర కూర్చుంటరా?"

"పర్లేదండి" అన్నాడాయన.

కోర్టు హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకు ఇంకా తెలియలేదు.

"నొప్పి ఉందా, లేదా?"

"ఉందండి."

"మరి పర్లేదన్నరు?"

"అదీ... ఊరికే. మర్యాదకి అంటామండి." ఆ మాట పూర్తవుతుండగానే ఆయనకు అర్థమైంది. మొహం పాలిపోయింది.

మా దగ్గర సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో చెప్తుంటే టైపు చేస్తారు. జడ్జిగారు అవతలి లాయరు వైపు తిరిగి, "ఈ పర్లేదును ఇంగ్లీషులో ఏమని రాయించమంటారు? నాకేమీ నొప్పి లేదు అనా?" అని అడిగారు. ఆయన కాగితాలు సర్దుకోవడంలో పడ్డాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. లాయరమ్మ ఇంకొక్క ప్రశ్న అడిగింది. దానికి జవాబు ఏమొస్తుందో ఆవిడకూ తెలియదని తర్వాత నాతో చెప్పింది.

"ఆ దినం పొద్దుగాల కుర్చీ ఎందుకు తీసిండ్రు?"

అప్పటిదాకా నా వైపు చూడని మనిషి అప్పుడు చూశాడు. "ఫారిన్ నుంచి క్లయింట్లు వస్తున్నారు, లాబీలో కుర్చీ అసహ్యంగా ఉంది, తీసెయ్యమని పైనుంచి చెప్పారండి. మెకానిక్ ఇంకా రాలేదు. సెక్యూరిటీ అతను అడిగాడు కూడా, సార్, లిఫ్ట్ బాగవలేదు కదా అని."

"మీరేమన్నరు?"

"పర్లేదులే, ఒక్క పూటే కదా అన్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానితో పాటు ఆ మనిషి మీద జాలి కూడా వచ్చింది, ఆ రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఆయన ఆ మాట దాచుకోవచ్చు. అడిగినవాళ్ళకి గుర్తులేదని చెప్పి ఉద్యోగం కాపాడుకోవచ్చు.

తీర్పు వచ్చేసరికి మళ్ళీ వానలు పట్టాయి. తప్పు బిల్డింగ్ నిర్వాహకులదేనని, బాధితురాలి అజాగ్రత్త ఏమాత్రం లేదని జడ్జిగారు చదివారు. నష్టపరిహారం సంగతి ఆ తర్వాత చదివారు, అది నా చెవికి సరిగ్గా ఎక్కలేదు. నేను ఆ ముందు వాక్యం దగ్గరే ఆగిపోయి ఉన్నాను. లాయరమ్మ నా భుజం గట్టిగా నొక్కి, "విన్నవా? ఏమాత్రం లేదన్నరు" అంది. ఇంగ్లీషు తీర్పులో పర్లేదు అన్న ఒక్క మాటకూ అనువాదం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసి ఉంది, రెండు చోట్ల.

వరండాలోకి వచ్చేసరికి మేనేజరు కనిపించాడు. వాన జల్లు పడకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ కంపెనీ ఆయన్ని సాక్ష్యం చెప్పిన వెంటనే తీసేసిందట. ఇప్పుడు బాచుపల్లిలో ఏదో స్కూల్లో మెయింటెనెన్స్ చూస్తున్నాడట. తీర్పు వినాలనిపించి సెలవు పెట్టి వచ్చానన్నాడు. దగ్గరికి వచ్చి అమ్మకు నమస్కారం పెట్టాడు. తర్వాత నాతో, మళ్ళీ అదే మాట, ఈసారి చేతిలో ఫోను లేకుండా, "ఏమీ అనుకోకండమ్మా" అన్నాడు.

ఆ మాటకు జవాబు పుట్టినప్పటి నుంచీ నా నోట్లో తయారుగా ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అమ్మ నా తరఫున అనేస్తుందేమోనని ఆవిడ వైపు చూశాను. ఆవిడ పెదవులు బిగించుకుని నిలబడి ఉంది.

"అనుకుంటున్నానండి" అన్నాను. "మీరు నిజం చెప్పారని అనుకుంటున్నాను. ఆ కుర్చీ తియ్యకుండా ఉండాల్సిందనీ అనుకుంటున్నాను. రోజూ అనుకుంటున్నాను."

ఆయన తల ఊపాడు. "అనుకోవాలమ్మా" అన్నాడు. "అనుకోవాలి." గొడుగు విప్పుకుని వానలోకి దిగిపోయాడు.

ఇంటికి క్యాబ్‌లో వెళ్తుంటే లింగంపల్లి దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. ఇన్నాళ్ళలో అమ్మ కోసేసిన నా కాలును చూడలేదు. నేనే తలుపు వేసుకుని పెట్టుడు కాలి లోపల వేసుకునే సాక్సు మార్చుకునేదాన్ని. బయటికొస్తే ఎలా ఉంది అని అడిగేది. పర్లేదమ్మా అనేదాన్ని. చుట్టాలు ఫోను చేస్తే ఆవిడా అదే మాట అప్పజెప్పేది, మా అమ్మాయికి పర్లేదండి అని.

అద్దం మీద వాన చప్పుడులో అమ్మ అడిగింది, "నొప్పిగా ఉందా?"

"ఉందమ్మా. చాలా ఉంది."

అమ్మ చేతిలోని సంచి కింద పెట్టింది. నా పెట్టుడు కాలు తీసి పక్కన ఆనించి, మోకాలి కింద మిగిలిన కాలిని తన ఒళ్ళోకి తీసుకుంది.