అక్క వెళ్లని బడి

నిన్న హైదరాబాదు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఒక కొట్టు ముందు ఎర్ర రిబ్బన్లు వేలాడుతుంటే నా అడుగు ఆగిపోయింది. మీకూ గుర్తుందా, నూనె పెట్టి బిగించిన ఆ రెండు జడలు, పలక తుడిచిన తడిగుడ్డ వాసన?

మా అక్క విజయకు పుట్టుకతోనే వినపడదు. నన్ను బడిలో వేసిన రోజు అమ్మ ఎనిమిదేళ్ల అక్కకు కూడా జడలు వేసి నీలం గౌను తొడిగింది. బాపు మా ఇద్దరినీ తీసుకువెళ్లాడు.

"వినపడని పిల్లకు నేనెట్ల చెప్పాలె అన్నా?" అంది పెద్ద టీచరు.

"మూలకు కూసుంటది టీచరమ్మా. లొల్లి చెయ్యదు."

"ఊకె కూసుంటే సదువొస్తదా? అరవై మందికి ఒక్కదాన్నే ఉన్న. నాతోని కాదు."

ఆమె చెడ్డ మనిషి కాదు. అక్క బుగ్గ నిమిరి మరీ పంపించింది.

తర్వాత చాలా రోజులు అక్క పొద్దున్నే గౌను తొడుక్కుని నా చెయ్యి పట్టుకునేది. అమ్మ ఆ వేళ్లు విడదీసేది. ఎందుకు వద్దన్నారో తనకు చెప్పే సైగ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను వెనక్కి చూడకుండా పరుగెత్తేదాన్ని.

ఇప్పుడు చట్టం ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం ఉందని పిల్లలను కాదనకూడదట. అది పేపర్లో చదివి, నాకు వచ్చిన సైగలతో అక్కకు చెప్పాను. యాభై దాటిన అక్క శ్రద్ధగా చూసింది. తర్వాత ఎనిమిదేళ్ల పిల్ల తల ఉండే ఎత్తులో అరచెయ్యి పెట్టి, రెండో చేత్తో తన గుండెను చూపించుకుంది. తన చిన్నప్పుడు ఈ చట్టం ఉండేదా అని అడుగుతోంది.

లేదని తల అడ్డంగా ఊపాను. అక్క ఆ చెయ్యి చాలాసేపు దించలేదు.