చిల్లర్ మీద చలవ పందిరి

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే కాపురముండేది. పాలిటెక్నిక్ నుంచి బయటపడి, ఏసీ ప్లాంట్లు సర్వీసు చేసే ఓ చిన్న కంపెనీలో చేరి ఏడాదైనా కాలేదు, లోకంలో చల్లగా ఉన్నదంతా నా చేతి చలవేననుకునేదాన్ని. ఆడపిల్ల స్పానరు పడుతుందా అని ఎవరైనా ఎగాదిగా చూస్తే, వాళ్ళకి వేడిని బయటికి నెట్టే కండెన్సర్ మీద అరగంట పాఠం చెప్పి పంపేదాన్ని (చూడకపోయినా చెప్పేదాన్ని, అది వేరే సంగతి). అలాంటి నేను నోట మాట రాక నిలబడిపోయిన రోజు ఒకటుంది.

కొత్తపేట దాటాక ఓ పల్లెలో పాల కేంద్రం. ఊళ్ళోవాళ్ళు పోసిన పాలన్నీ కింద స్టీలు ట్యాంకులో చేరతాయి. వాటిని చల్లబరిచే నీళ్ళు డాబా మీదున్న చిల్లర్ నుంచి వస్తాయి. చిల్లరంటే పడుకోబెట్టిన బీరువాలాంటి ఇనప పెట్టె. పక్కల నుంచి గాలి పీల్చుకుని, పాలలోంచి లాగిన వేడినంతా నెత్తిమీది ఫ్యాన్లతో ఆకాశంలోకి ఊదేస్తుంది. పక్కలు శుభ్రంగా ఉండి, నెత్తిన అడ్డు లేకపోతే చాలు, ఇంకేమీ అడగదు. కేంద్రం నడిపే పెద్దాయన్ని అందరిలాగే నేనూ బాబాయిగారనేదాన్ని, ఆయన భార్యని పిన్నిగారని. వేసవి మొదట్లో నేను సర్వీసుకెళ్ళి, మిట్టమధ్యాహ్నం చిల్లర్ చుట్టూ కూర్చుంటూ లేస్తూ దుమ్ము పట్టిన రేకులు కడుగుతుంటే, పిన్నిగారు మజ్జిగ పట్టుకుని పైకొచ్చి కిందికి రమ్మని బతిమాలారు. పనయ్యాకేనండి అన్నాను. మొహం కందిపోయిందని ఆవిడ నొచ్చుకుంటే, నెలనెలా వచ్చేదాన్నే, మాకు అలవాటేనండి అని గొప్పలు పోయి వచ్చేశాను.

మళ్ళీ సర్వీసుకి వెళ్ళాల్సిన వారంలోనే, ఓ పొద్దున బాబాయిగారు ఫోను చేశారు. మిషను తిరుగుతోంది, ఆగిపోతోంది, మళ్ళీ తిరుగుతోందిట. పొద్దుటి పాలన్నీ ట్యాంకులో ఉన్నాయి. మధ్యాహ్నం ట్యాంకరు వచ్చేసరికి చల్లబడకపోతే ఎక్కించుకోరు, ఊరందరి పాలూ పారబోసుకోవడమే. మా సారు నన్ను పిలిచి, కిందటిసారి చేసింది నువ్వే, పాలు విరిగాయంటే రేపట్నుంచి రానక్కర్లేదని నెమ్మదిగా చెప్పారు. ఆ నెమ్మదికే నేను స్పానర్ల సంచి ఎత్తుకుని పరిగెత్తాను. ఏ బోల్టు వదిలేశానో, ఏ వైరు మరిచానో అనుకుంటూ జొన్నాడ వంతెన దాటాను. ఆ రోజు నాకు గోదావరి కనిపించనే లేదు.

మెట్లెక్కి చూస్తే డాబా మీద చిల్లర్ లేదు. నిజంగా లేదు. దాని చోట పచ్చి కొబ్బరాకు పందిరి ఉంది. వెదురు రాటలు, పైన దట్టంగా ఆకు, నాలుగు పక్కలా నేలదాకా తడికలు, గుమ్మంలాంటి సందుకి మామిడి తోరణం. లోపల్నుంచి మా చిల్లర్ మూలుగు వినిపిస్తోంది. తొంగి చూస్తే వేడి మొహాన కొట్టింది. ఫ్యాన్లు పైకి ఊదిన వేడిగాలి ఆకుకి తగిలి కిందికి దిగుతోంది, చిల్లర్ దాన్నే మళ్ళీ పీలుస్తోంది. ప్రెషరు పెరిగిపోయి, కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతోంది. నిలువుగుడ్లేసుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. మాన్యువల్లో దుమ్ము గురించి రాశారు, ఎలుకల గురించి రాశారు, పెళ్ళిపందిరి గురించి ఎవరూ రాయలేదు.

ఈ పని చేసిందెవరండీ అని బాబాయిగారిని నిలదీశాను. ఆయన మెట్ల వైపు చూశారు. మిషను ఆపేసి, తడికలు పీకుతూ, కండెన్సర్ పాఠం మొదట్నుంచీ ఎత్తుకున్నాను. ప్రతి ముక్కకీ "ఆయ్" అంటూ ఆయన రాటలు లాగుతున్నారే గానీ పేరు మాత్రం చెప్పలేదు. నా జడ నిండా ఆకు తునకలు. అంతా తీసి, చిల్లర్‌ని కాస్త చల్లారనిచ్చి, స్విచ్చేసి, ప్రెషరు ముల్లు చూస్తూ కూర్చున్నాను. లేచింది, ఆగింది, మెల్లిగా దిగింది. కాసేపటికి కిందికి పరిగెత్తి చూస్తే పాలు చల్లబడుతున్నాయి. ట్యాంకరుకి ఇంకా టైముంది. నా ఉద్యోగానికీ గండం గడిచింది.

సామాను సర్దుకుందామని పైకొచ్చేసరికి, మజ్జిగ గ్లాసుతో పిన్నిగారు నిలబడి ఉన్నారు. కుప్పపడ్డ తడికల్ని చూసి తెల్లబోయారు.

"అదేంటమ్మా, పీకేసేవా. నీకోసవే కదా వేయించేను."

మిషనుకి వేశారనుకున్నానండి అన్నాను.

"ఇనప పెట్టికి నీడెందుకమ్మా. నెలనెలా వస్తానన్నావు కదా. నువ్వు ఏ పక్కన కూచుంటావో తెలీక నాలుగు పక్కలా కట్టించేను."

కండెన్సర్ మీద అరగంట చెప్పే నాకు ఒక్క ముక్క దొరకలేదు. బాబాయిగారు పేరెందుకు చెప్పలేదో అర్థమై ఆయన వైపు చూడలేకపోయాను. ఓ తడిక ఎత్తి, మిషనుకి దూరంగా పిట్టగోడ మూలన వాల్చి, దాని కింద చతికిలబడి మజ్జిగ తాగాను. మరి తోరణం ఎందుకండీ అని అడిగాను.

"నువ్వొచ్చే గుమ్మం కదమ్మా" అన్నారావిడ.

ఇప్పుడు హైదరాబాదులో పెద్ద పెద్ద మేడల మీద చిల్లర్లు చూసుకుంటున్నాను. తలకి హెల్మెట్టు, కళ్ళకి నల్లద్దాలు. చుట్టూ అడ్డేమీ ఉండకూడదని కొత్తగా చేరినవాళ్ళందరికీ పాఠం చెబుతాను. ఉండదు కూడా. మే నెలలో ఆ మేడలెక్కి, అడ్డేమీ లేని ఎండలో నిలబడితే, నా కళ్ళు వాటంతటవే ఓసారి కొబ్బరాకు కోసం వెతుకుతాయి. జడ నిండా తునకలతో చిందులేస్తున్న ఆ కోపిష్టి పిల్ల కనిపిస్తుంది. నాలో నేనే నవ్వుకుని, స్పానరు తీసుకుని ఏదో ఒక పక్కన కూర్చుంటాను.